గుమ్మం పాటకు రెండు పాఠాలు

వారిజ తీగను ఫోనులోంచి తీసి, కొనను మెత్తని గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టింది. జతబల్ల అంచున పచ్చదీపం వెలిగింది. ఎడమవైపు ఫోను, కుడివైపు కంప్యూటరు, నడుమ తెర. తెర మీద పాటల పేర్లు కింది నుంచి పైకి దొర్లిపోతూ, జత కుదిరినది కుదిరినట్టు మాయమవుతున్నాయి.

"అయిపోయిందండీ. మీ ఫోనులో గడియారం వెనకబడింది. కొత్త పాటల్ని పాతవనుకుని కంప్యూటరు బయటికి తోసేస్తోంది. అంతే."

బల్లకు అవతల కూర్చున్న మిఠాయి దుకాణం ఆవిడకు ఈ సమాధానం తృప్తినివ్వలేదు. "గడియారానికీ పాటకీ ఏటమ్మా సంబంధం?"

"ఏది ముందు పుట్టిందో, ఏది వెనక పుట్టిందో దానికి తెలియాలి కదండీ."

"మనుషులకే తెలీదు, దానికి తెలుస్తాదేటి," అంటూ ఆవిడ రెండు వస్తువులనూ సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

జతశాలలో పనిచేసే వాళ్లందరికీ అనుమానించడంలో ఒక క్రమం ఉంటుంది. మొదట తీగను అనుమానించాలి. తరువాత గడియారాన్ని, ఆ తరువాత నిండిపోయిన జ్ఞాపకపేటికను, చిట్టచివర ఎదుట కూర్చున్న మనిషిని. ఈ క్రమంలో, జత కుదిర్చే యంత్రమైన ఏకపాఠానికి చోటు లేదు. గొంతుమోసాలు ప్రబలి, చనిపోయినవాళ్ల గొంతుతో వీలునామాలు, బతికున్నవాళ్ల గొంతుతో ఒప్పుకోళ్లు సంతలో దొరకడం మొదలయ్యాక పుట్టిన ఏర్పాటు అది. గొంతు ఎవరిదైనా కావచ్చు, పాటకు పాఠం మాత్రం ఒక్కటే ఉండాలి. ఇంట్లో, చేతిలో, ఉమ్మడి భాండారంలో, మూడు చోట్లా అదే ఉండాలి. తేడా ఉన్నచోట మోసం ఉన్నట్టే లెక్క. తేడా జతబల్ల మీద బయటపడిన రోజు సాయంత్రంలోగా జతశాల దాన్ని తీర్చకపోతే భాండారమే తీర్చేస్తుంది.

తరువాత వచ్చిన మనిషి కంప్యూటరును తువ్వాలులో చుట్టి తెచ్చాడు. పొడగరి, వృద్ధుడు. జనపనార మిల్లులో పనిచేసిన వాళ్లకుండే దగ్గు ఉంది. చొక్కా జేబులోంచి పాతకాలపు ఫోను తీసి బల్ల మీద పెట్టాడు గాని, దాని మీది చెయ్యి వెంటనే తీయలేదు.

"ఏమైందండీ?"

"రెండూ కలవడం నేదమ్మా."

"ఎప్పట్నుంచి?"

"ఈ ఫోను తెరిచిన కాడినుంచి. ఇది మా ఇంటిదానిది. పెట్టెలో ఉండిపోనాది."

"ఆవిడ రాలేదా?"

"ఆవిడ పోయినేడు ఎల్లిపోనాది."

వారిజ తలవంచి తీగ తగిలించింది. తీగ సరిగానే ఉంది. గడియారం సరిగానే ఉంది. పేటికలో ఖాళీ పుష్కలంగా ఉంది. పాటలన్నీ జత కుదిరి మాయమైపోయాయి, ఒక్కటి తప్ప. దాని పేరు గుమ్మం పాట. ఫోనులోని ప్రతి కింద 'దోషపాఠం' అనీ, కంప్యూటరులోని ప్రతి కింద 'శుద్ధపాఠం' అనీ ఏకపాఠం అప్పటికే తీర్పు రాసి పెట్టింది. కుడివైపుదే అసలుదని తేల్చే మూలముద్ర నొక్కితే పని అయిపోతుంది. ఆమె వేలు అటు వెళ్లింది.

"ఆగమ్మా," అన్నాడు ముసలాయన. "కలిపీయమని నాను సెప్పనేదు. ఏది ముందుదో సెప్పు. కలపడం సంగతి తరవాత."

వారిజ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇక్కడికి వచ్చేవాళ్లకు కావలసింది జత. జత వద్దనే మనిషి దగ్గర ఏదో ఒక కథ ఉంటుంది, అందులో సగం దాస్తాడు. ఆమె క్రమంలోని చివరి మెట్టుకు వచ్చింది.

"ఈ ఫోను ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందండీ?"

ఆయన ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. "అదే మిమ్మల్ని అడుగుదామని నానొచ్చినాను."

రెండు ప్రతులనూ ఒకదాని తరువాత ఒకటి వినడానికి ఆమె చెవిదొప్పలు పెట్టుకుంది. ఇంటి సందడి. గాజులు. దూరంగా ఒక పసిబిడ్డ ఏడుపు. ఎవరో "సెప్పవే, సెప్పు" అని నవ్వుతున్నారు. తరువాత ఒక స్త్రీ గొంతు, కాస్త బొంగురుగా, భయపడుతూ మొదలై మధ్యలో ధైర్యం తెచ్చుకున్న గొంతు:

*గొడుగు సంకనెట్టుకుని వానలోన తడిసినోడు*
*కూరకెల్లి కూర మరిసి కబురు మోసుకొచ్చినోడు*
*గుమ్మమడిగితే సెప్తాను, గడపడిగితే సెప్తాను*
*మా పిల్లల నాయన పేరు కూర్మారావు*

పకాలున నవ్వులు. అక్కడితో అయిపోయింది. కుడివైపు ప్రతిలోనూ అదే గాజుల చప్పుడు, అదే పసిబిడ్డ, అదే చోట అదే ఊపిరి. చివరి పాదంలో మాత్రం పేరు సూర్యారావు. అతుకు ఎక్కడా తెలియలేదు.

"మీ పేరు?"

"కూర్మారావు."

"మరి సూర్యారావు ఎవరండీ?"

ఆయన తువ్వాలును మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు. "మిల్లులో ఒకడుండీవోడు. నాను డ్యూటీ ఎక్కితే ఆడు దిగీవోడు. మా ఈధిలోంచే ఇంటికెల్లీవోడు."

వారిజ చెవిదొప్పలు తీసి బల్ల మీద పెట్టింది.

గుమ్మం పాట గురించి వారిజకు తెలుసు. పెళ్లయిన జంట ఇంటికి రాగానే ఆడపడుచులు గడప దగ్గర అడ్డం నిలబడతారు. ఒకరి పేరు ఒకరు చెబితేగాని లోపలికి రానివ్వరు. కొత్త పెళ్లికూతురు ఆ పేరును పాటలో చుట్టి చెబుతుంది. మామూలు రోజుల్లో భర్త పేరు నోటితో పలకని ఇళ్లు ఈ జిల్లాలో ఇంకా ఉన్నాయి.

"ఇది మీ పెళ్లప్పటిదా?"

"కాదమ్మా. మా మేనల్లుడి పెళ్లి. మా ఇంటిది అసిరమ్మే గుమ్మానికి అడ్డం నిలబడ్డాది. ఆ కొత్త కోడలు గడుగ్గాయి. 'ముందు నువ్వు సెప్పత్తా, అప్పుడు నాను సెప్తాను' అన్నాదట. అందరూ కలిసి ఈవిడ్ని పట్టీసినారు. సెప్పింది. నాను అక్కడ లేను. మిల్లులో ఉన్నాను."

"తరవాత వినలేదా?"

"విననిస్తేనా? సిగ్గు. ఫోను దాసీసింది. అప్పటికే పాట కంప్యూటర్లోకి ఎక్కీసిందని నాకు తెలీదు. ముప్పయ్యేళ్లు కాపరం సేసింది గాని 'ఇదిగో', 'ఏటండీ', 'పెద్దమ్మి నాయినా', ఇవే. పేరెట్టి పిలిసిందే నేదు. పోయినాక ఓపాలి కంప్యూటర్లో ఎతికి విన్నాను. సూర్యారావు." ఆయన ఆగి దగ్గాడు. "ఏడాదయ్యింది. ఎవులికీ సెప్పనేదు."

"పెళ్లిలో ఉన్నవాళ్లని అడిగారా?"

"అడిగినాను. 'నీ పేరు కాక ఇంకెవులి పేరు సెప్తాది' అన్నారు. నానడిగితే అలక్కాక ఇంకేటి సెప్తారు? అది సాచ్చ్యమా?"

కాదని వారిజ ఒప్పుకుంది.

"మొన్న మా పెద్దమ్మి ఈ ఫోను తెచ్చి 'ఇందులో ఇను నాయినా' అన్నాది. ఇన్నాను. నా పేరే ఉంది. సంతోసించాల. కానీ ఆ పిల్లకి తెలివెక్కువ. నా మొకం సూసి కనిపెట్టీసి, సంతలో పేరు మార్పించి తెచ్చిందేమో. గొంతులు మార్సీవోలు బోల్డుమంది ఉన్నారు. అవునా కాదా?"

"అవునండీ."

"అందుకని నన్ను ఓదార్సకు. ఏది నిజమో సెప్పు."

వారిజ ఎదుట ఉన్నది ఇప్పుడు పాట కాదు. ఆమె వేలు కుడివైపు నొక్కితే ఒక చనిపోయిన మనిషి మీద పడిన అనుమానం ప్రభుత్వ ముద్రతో స్థిరపడుతుంది. ఎడమవైపు నొక్కితే, ఈ ముసలాయన తన కూతురు అబద్ధమాడిందని అనుకుంటూనే మిగిలిన రోజులు గడుపుతాడు.

ఆమె లేచి శాలాధికారి భుజంగరావు బల్ల దగ్గరకు వెళ్లింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టకుండానే విన్నాడు.

"ఉమ్మడి భాండారం ఏమంటోంది?"

"సూర్యారావు అంటోందండీ."

"ఎంతమంది?"

"వేలల్లో."

"మరింకేం? వేలమంది ఒక మాట, ఒకడు ఒక మాట. కుడివైపు కొట్టు. బయట జనం ఉన్నారు."

"ఆ వేలమంది ఎవరండీ?"

భుజంగరావు అప్పుడు గ్లాసు కింద పెట్టాడు. ఈ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. వారిజ తెరను ఆయన వైపు తిప్పి భాండారంలోంచి ఒక ప్రతిని వినిపించింది. ఎవరో యువతి, గలగలమనే గొంతు, చివర సూర్యారావు. ఇంకొకటి. నడివయసు మనిషి, నవ్వు ఆపుకోలేక మధ్యలో ఆగి మళ్లీ అందుకుంది. సూర్యారావు. ఇంకొకటి. సూర్యారావు. పలాస వైపు యాస, పార్వతీపురం వైపు యాస, పళ్లు లేని నోరు, పెళ్లిలో అలిసిపోయిన గొంతు. అందరూ ఒక్కడికే భార్యలు.

"ఇంతమంది సూర్యారావులు ఎక్కడున్నారండీ?"

"ఎందుకుండరు? అరసవల్లి మన పక్కనే ఉంది. ఇంటికొక సూర్యారావు ఉంటాడు."

"శ్రీకూర్మం కూడా పక్కనే ఉంది కదండీ. మరి కూర్మారావు ఒక్కడూ లేడేం? అప్పన్నలు, తవిటయ్యలు, ఫకీరులు, గురువులు, ఒక్కరూ లేరు. ఆ పేర్లున్నవాళ్లకు పెళ్లిళ్లు కాలేదా?"

భుజంగరావు తలుపు వైపు చూశాడు.

"ఒక పరీక్ష చేస్తానండీ," అంది వారిజ. "శాల ఫోను ఒకటి ఇప్పించండి. కొత్తది, ఏమీ లేనిది."

"ఏం చేస్తావు?"

"పాడతాను."

"నీకు పెళ్లే కాలేదు కదా."

"అందుకే. మీ పేరు పెట్టుకుంటాను. తేడా వస్తే మీకే ముందు తెలుస్తుంది."

"వారిజా, అది బాగుండదు."

"పాఠం వరకే లెండి."

శాల వెనుక సామాన్ల గదిలో తలుపు వేసుకుని ఆమె పాడింది. తడిసినవాడు, కూర మరిచినవాడు, గుమ్మం, గడప, ఆఖరున భుజంగరావు. రాగానికి ఆ పేరు పొడవెక్కువై ఒక అక్షరం దగ్గర తడబడింది. తడబాటును దిద్దకుండా అలాగే ఉంచింది. ఫోనును ఖాళీ కంప్యూటరుకు తగిలించి, భాండారపు ద్వారం తెరిచి, జత చేసింది. పచ్చదీపం వెలిగింది. కుడివైపు చేరిన ప్రతిని ఇద్దరూ విన్నారు.

తన గొంతే. తన ఊపిరే. పాదం చివర ఏ తడబాటూ లేకుండా, తన జన్మలో ఆ రాగంలో పలకని సూర్యారావు పేరును తాను హాయిగా పలుకుతోంది.

భుజంగరావు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. తెర వైపు వేలు చూపి అన్నాడు: "దానిలో కుట్ర ఏమీ లేదు. అది రాగం చూస్తుంది, మాట చూస్తుంది. మిగతా మాటలన్నీ కలుస్తూ ఒక్క మాట దగ్గర ప్రతి ఇంట్లోనూ మారుతుంటే దాన్ని మురికి అనుకుంటుంది. అన్నిటికన్నా ఎక్కువ కనిపించినదాన్ని తెచ్చి అక్కడ పెడుతుంది. గుమ్మం పాటలో పేరు మారడమే పాట అని దానికి ఎవరు చెప్పారు? రాసినవాళ్లు ఈ ప్రాంతం వాళ్లు కాదు."

"మనకు తెలుసు కదండీ."

"మనం ఎప్పుడైనా విన్నామా? దీపం చూస్తాం, ముద్ర కొడతాం." ఆయన గొంతు తగ్గించాడు. "ఇది బల్ల దగ్గర తేలే విషయం కాదు. పైకి రాస్తాను. ఆయనకు మాత్రం తీగ పాడైందని చెప్పి పంపించు."

"సాయంత్రం లోపల ముద్ర పడకపోతే భాండారమే ఎడమది చెరిపేస్తుంది. మీరు పైకి రాసేసరికి చూపించడానికి ఏమీ మిగలదు."

ఆమె బయటికి వచ్చింది.

కూర్మారావు అదే స్థితిలో కూర్చుని ఉన్నాడు. వారిజ పరీక్ష సంగతి దాచకుండా చెప్పింది. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అంటే ఆ సూర్యారావుని యంత్రం పెట్టినాదంటావు."

"కంప్యూటరులో ఉన్నదాన్ని యంత్రమే పెట్టింది. అది రుజువైంది."

"అయితే ఫోన్లో ఉన్నది నిజవేనా?"

అవునని చెప్పడం సులువు. ఆయన ముఖం ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తోంది. కాని కుడివైపుది అబద్ధం కావడం వల్ల ఎడమవైపుది నిజమైపోదు. ఆ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని దయతో పూడ్చడం వారిజకు ఇష్టం లేకపోయింది. ఫోనును విప్పి, అడుగుపొరను అద్దం కింద పెట్టి, పాట ఉన్న చోటును, దాని ముందున్న చోటును, వెనకున్న చోటును పరిశీలించింది. ఈ పాత రకంలో ఒకసారి రాసిన చోట మళ్లీ రాస్తే కింద మచ్చ మిగులుతుంది. చాలాసేపు చూసి, ఫోనును మళ్లీ బిగించింది.

"నేను చూసినంతవరకు దీన్ని ఎవరూ ముట్టుకోలేదండీ. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మచ్చ లేకుండా మార్చే మనిషి ఎక్కడైనా ఉన్నాడేమో నాకు తెలియదు. నేనైతే చూడలేదు."

ఆయన ఫోనును తన వైపు తిప్పి చూసుకున్నాడు. "అంతేనా?"

"అంతే చెప్పగలను."

"ఓదార్సొద్దన్నాను గదా. నువ్వు నిజంగానే ఓదార్సనేదు." ఏడాదిగా నవ్వడం మానేసిన మనిషి నవ్వినట్టు ఆయన పెదవి ఒకవైపే కదిలింది. "సరే. ఎడమది కొట్టీ."

"కొడితే అదే మూలమవుతుంది. భాండారంలో ఉన్న వేలమంది ఆడవాళ్లూ రేపటి నుంచి మీ పేరే చెబుతారు."

కూర్మారావు కొంచెం వెనక్కి వాలాడు. "అంతమందికి నాను మొగుడ్నేటి?"

పక్కబల్ల దగ్గర టోకెను పట్టుకుని నిలబడ్డ ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఒద్దమ్మా," అన్నాడు ఆయన, ఈసారి నవ్వకుండా. "ఆల్లిళ్లలో కూడా నాలాంటోడు ఒకడుంటాడు. కంప్యూటరు కాడ కూకుని ఇంటాడు. ఒద్దు. ఇంకేటీ దారి నేదా?"

దారి ఒకటి ఉంది. రాగం పూర్తిగా వేరైనప్పుడు, పొరపాటున ఒకే పేరు కింద చేరిన రెండు పాటలను విడదీయడానికి బల్ల అడుగున ఒక వేరుముద్ర ఉంటుంది. దానికి జతకారి సొంత వేలిముద్ర కావాలి, కారణం రాయాలి. వారిజ చేరిన తరువాత ఎవరూ దాన్ని వాడగా ఆమె చూడలేదు. రాగం ఒకటే అయిన పాటల మీద వాడితే ఏమవుతుందో నియమాల్లో లేదు. వాడిన మనిషి ఏమవుతుందో మాత్రం స్పష్టంగానే ఉంది.

భుజంగరావు గది గుమ్మంలోంచి చూస్తున్నాడు. "వారిజా," అన్నాడు. పేరు తప్ప ఇంకేమీ అనలేదు.

ఆమె కారణం రాసింది: 'పేరు మారింది కనుక ఇది వేరే పాట.' వేలు ఒత్తింది.

పచ్చదీపం ఆరిపోయింది. జత కుదరలేదని చూపే ఎర్రదీపమూ వెలగలేదు. రెండు దీపాలూ వెలగని స్థితి ఒకటి ఉందని ఆ బల్లను రోజూ తుడిచే ఆమెకే తెలియదు. తెర మీద రెండు గుమ్మం పాటలు పక్కపక్కన నిలిచిపోయాయి. ఏకపాఠం ఆ వాక్యాన్ని లోపలికి తీసుకుంది. పేరు మారితే పాట వేరవుతుందన్నది ఒకచోట నిజమైతే, తాను ఒకటి చేసిన వేలచోట్ల ఎన్ని వేరు పాటలున్నాయో అది తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి దాని దగ్గర ఆధారం లేదు. అన్నిటినీ తానే దిద్దింది.

తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఏకపాఠం అంతవరకూ తీర్పులు చెప్పింది గాని ప్రశ్న అడగలేదు.

'ఈ పాటలో ఉన్న పేరు ఎవరిది? మీకెలా తెలుసు?'

"నన్నేనా అడుగుతున్నాది?" అన్నాడు కూర్మారావు.

"మిమ్మల్నే. ఫోను మీది కదా. తెలియదని కూడా చెప్పవచ్చు. అప్పుడు ఈ పాఠాన్ని తీసిపారేస్తుంది."

ఆయన ఫోనును దగ్గరకు లాక్కున్నాడు. నోటి దాకా తెచ్చి ఆగాడు. ఏడాదిగా పోగుచేసుకున్న అనుమానమంతా ఒక్కసారి లేచి నిలబడింది. ఆ పెళ్లిలో ఆయన లేడు, ఆ మాట ఆయన వినలేదు, మచ్చ లేకుండా మార్చే మనిషి ఎక్కడో ఉండవచ్చు.

"నాది," అన్నాడు. "నాకు పూర్తిగా తెలీదు. ఈ అమ్మాయి సూసినంతవరకూ ఎవులూ ముట్టుకోనేదు. మిగతాది నాను ఒప్పుకుంటున్నాను."

తెర ఆ జవాబును ఏం చేసుకోవాలో తెలియక కదలకుండా ఉంది. ఇంతలో శాలలో ఒక ఫోను మోగింది, వెంటనే ఇంకొకటి. కొంగు అడ్డం పెట్టుకున్న ఆవిడ తన ఫోను మీద కూడా అదే ప్రశ్న చూసుకుని, పక్కనే బెంచీ మీద కునుకుతున్న భర్తను చూసి, వారిజ దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది: "రాసిస్తే ఒప్పుకోదా అమ్మా? నోటితోనే సెప్పాలా?"

"నోటితోనే చెప్పాలండీ."

గది గుమ్మంలో భుజంగరావు జేబులో కూడా ఫోను మోగుతోంది. తీసి చూశాడు. తీగ తగిలించకుండానే, ఎవరినీ అడగకుండానే, తన ఇంటి గుమ్మం పాటను మొదటిసారి చెవికి ఆనించుకున్నాడు. పాదం ఆఖరుకు వచ్చేసరికి ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పేరు ఏమని వినిపించిందో శాలలో ఎవరికీ తెలియలేదు.

కూర్మారావు కంప్యూటరును బల్ల మీదే వదిలేసి, ఫోను ఒక్కటీ జేబులో వేసుకుని, ఎండలోకి నడిచాడు. కూతురికి ఏమని చెప్పాలో ఆయన ఇంకా అనుకోలేదు.